లిస్బన్‌లో రెండ్రోజులు, అమ్మానాన్నతో ఏం చూడొచ్చు?

ఫ్రెండ్స్, వచ్చే నెల లిస్బన్ వెళ్తున్నాం, శని ఆది పోయాక సోమవారం కూడా ఒక పూట ఉంటుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అక్కడన్నీ ఎత్తుపల్లాలే అంటున్నారు. 28 నంబర్ ట్రామ్ ఎక్కితే ఊరంతా చూసేయొచ్చా?

రిప్లై 1:
ట్రామ్ బావుంటుంది కానీ మధ్యాహ్నం కిటకిటలాడిపోద్ది, జేబుదొంగలు కూడా ఎక్కువ, పొద్దున్నే మొదటి స్టాప్‌లో ఎక్కితేనే సీటు. బెలెం ఏరియా మాత్రం సోమవారానికి పెట్టుకోకండి, అక్కడి జెరోనిమోస్ మఠానికి ఆరోజు సెలవు. వాస్కో డ గామా సమాధి అందులోనే ఉంది, 1524లో కొచ్చిలో చనిపోతే మొదట అక్కడే పూడ్చి తర్వాత పోర్చుగల్ తీసుకొచ్చారు, మీ నాన్నగారికి ఇంట్రెస్ట్ ఉండొచ్చు. పక్కనే 1837 నుంచీ ఉన్న షాపులో పాస్టెల్ (కస్టర్డ్ నింపిన చిన్న టార్ట్) తినండి, గుడ్డు ఉంటుంది మరి, చూస్కోండి.

రిప్లై 2:
బెలెం అంతా నది ఒడ్డునే, చదునుగా ఉంటుంది కాబట్టి ఆంటీకి ఇబ్బంది ఉండదు. పాత పేట అల్ఫామా సందులే కష్టం, అన్నీ రాళ్ళూ మెట్లూ. నన్నడిగితే కార్మో చర్చి తప్పక చూడాలి, 1755 భూకంపంలో పైకప్పు కూలిపోతే ఇప్పటికీ అలాగే వదిలేశారు, తలెత్తితే ఆకాశమే. ఊరి మధ్యలో పైవీధికి ఎక్కించే పాతకాలపు శాంటా జుస్టా లిఫ్ట్ కోసం గంటలు క్యూ కట్టడం దండగండీ, అదే డబ్బుల్లో కైష్ దు సొద్రే రేవు నుంచి ఫెర్రీ ఎక్కి నది అవతలి ఒడ్డున కసిలాష్ వెళ్ళి రావచ్చు, సాయంత్రం ఊరు భలే కనిపిస్తుంది.

రిప్లై 3:
దగ్గర్లోని కొండ ఊరు సింత్రా కూడా పెట్టుకుంటారేమో, లిస్బన్ రోసియో స్టేషన్ నుంచి లోకల్ ట్రైన్ ఉంది గానీ పైన కోటలకి మళ్ళీ ఎక్కుడే, అమ్మగారితో అయితే వద్దు.