ఫిలడెల్ఫియా మ్యూజియం క్రాఫ్ట్ షోకి కలంకారీ పనులతో దరఖాస్తు: విభాగం, ఫోటోలు, బూత్, పన్ను

కరక్కాయ_రంగు:
ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంకి నిధుల కోసం అక్కడి మహిళా కమిటీ ఏటా నడిపే కాంటెంపరరీ క్రాఫ్ట్ షోకి దరఖాస్తు పెట్టాలని ఆలోచన. పని శ్రీకాళహస్తి పద్ధతిలో, కలంతో, సహజ రంగులతో. డిజైన్లు పూర్తిగా సొంతవి. గోడకు వేలాడదీసేవి ఓ పన్నెండు, స్కార్ఫులు ఓ నలభై సిద్ధమవుతాయి. ఉండేది న్యూజెర్సీలో.

సందేహాలు: ఏ విభాగంలో పెట్టాలి? జ్యూరీకి ఫోటోలు ఎలా ఉండాలి? బూత్‌లో వేటికి ముందు ఖర్చు పెట్టాలి? ఇది మ్యూజియం కోసం చేసే షో కాబట్టి అమ్మకాల్లో వాటా ఇవ్వాలా, కొనేవారికి పన్ను రాయితీ వస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జ్యూరీ_బల్ల:
ముందు విభాగం సంగతి. ఈ షోలో ఫైబర్ (గుడ్డ, నూలు పనులు) విభాగాన్ని డెకరేటివ్ (అలంకారానికి), వేరబుల్ (ఒంటిమీద వేసుకునేవి) అని రెండుగా విడదీశారు. గోడకు వేలాడేవి మొదటిదాంట్లోకి, స్కార్ఫులు రెండోదాంట్లోకి వస్తాయి. ఇలాంటి షోలలో ఎంపికైన విభాగం సరుకే బూత్‌లో పెట్టాలని నియమం ఉంటుంది. డెకరేటివ్‌లో సీటు తెచ్చుకుని స్కార్ఫుల స్టాండు పెడితే తీయించేస్తారు. రెండూ కావాలంటే రెండు దరఖాస్తులు, రెండు రుసుములు. ఒక్కటే అయితే గోడ పనులతోనే వెళ్లండి. స్కార్ఫుల్లో షిబోరి (ముడులేసి చేసే అద్దకం), ఫెల్టు (ఉన్నిని నొక్కి చేసే గుడ్డ), చేనేత చేసేవారితో పోటీ ఎక్కువ.

మన పనులు ఎక్కువగా ఆగిపోయేది ‘కాంటెంపరరీ’ (నేటి కాలపు) అనే మాట దగ్గర. పట్టాభిషేకాన్ని పాత గళ్ల అమరికలో ఎంత నేర్పుగా వేసినా, అది పరంపరకి మంచి నకలని మార్కులు తగ్గుతాయి. అది న్యాయమా కాదా అన్నది వేరే వాదన. కలం గీత, కసిమి (ఇనుప ద్రవం) నలుపు, కరక్కాయ పసుపు ఉంచుకుని కూర్పు మీది అని చూడగానే తెలియాలి. వివరణలో కూడా ‘ప్రాచీన కళ’ అని మొదలుపెట్టకండి. గుడ్డకి కరక్కాయ, గేదెపాలు పట్టించడం, పటిక పూసి ఉడికించడం, ఏ దశలో మీ నిర్ణయం ఏమిటి, ఇవి మూడు వాక్యాల్లో రాస్తే చాలు.

ఫోటోలు: సాధారణంగా అయిదు అడుగుతారు, అందులో ఒకటి బూత్‌ది. జ్యూరీ వాటిని ఒకే వరసలో, కొద్ది సెకన్లే చూస్తుంది. అందుకని అయిదు రకాలు చూపించి బహుముఖ ప్రజ్ఞ చాటుకోవద్దు, ఒకే చేతి పనిలా కనబడాలి. చాలా షోలలో 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తారు. జ్యూరీ మధ్యలో గోడమీద పిల్లిలా కూర్చోకుండా కొన్నిచోట్ల 4 తీసేస్తారు కూడా.

గుడ్డని నిటారుగా వేలాడదీసి, రెండు లైట్లు చెరో వైపు 45 డిగ్రీల కోణంలో పెట్టండి. కెమెరా గుడ్డ మధ్య ఎత్తుకి సమానంగా, ట్రైపాడ్ మీద ఉండాలి. పైనుంచి వంచి తీస్తే దీర్ఘచతురస్రం కాస్తా ట్రపీజియం అవుతుంది. వైడ్ లెన్సు వాడకండి. మొదటి ఫ్రేములో గ్రే కార్డు (మధ్యస్థ బూడిద రంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే పడేలా చూసే అమరిక) సరిచేసుకోవాలి. చవక ఎల్‌ఈడీల కింద నీలిమందు ఊదాగా, చవల్‌కొడి వేరు ఎరుపు ఇటుక రంగులా పడతాయి. సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న బల్బులు వాడండి. ఒక ఫోటో మాత్రం పక్కనుంచి ఏటవాలు వెలుతురులో దగ్గరగా తీస్తే నేత, కలం ఆగిన చోటు కనబడతాయి. ఆ ఒక్కటే ‘ఇది అచ్చు కాదు, చేత్తో గీసింది’ అని చెబుతుంది.

ఫైలు జేపెగ్‌గా, ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉండాలి. అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే ఎక్కించాక రంగులు చచ్చిపోతాయి. పేరు కనబడకుండా మార్కులు వేస్తారు కనుక ఫోటోల్లో మీ మొహం, పేరు బోర్డు, సంతకం ఏవీ ఉండకూడదు.

గోడకొయ్య:
పై మాటలకి ఒక్క సవరణ. బూత్ ఫోటోని ‘అయిదోది’ అని తేలిగ్గా తీసుకోవద్దు. అదివరకు షో చేయనివారు గ్యారేజీలోనైనా 10 అడుగులకి 10 అడుగులు టేపు వేసి, గోడలు నిలబెట్టి ఫోటో తీయాలి. నలభై పనులు కుక్కి తీసే ఫోటో కన్నా ఆరో ఏడో పెట్టి, మధ్యలో ఖాళీ వదిలిన ఫోటోకే ఎక్కువ మార్కులు పడతాయి.

ఇక అసలు బూత్. నిర్వాహకులు సాధారణంగా ఇచ్చేది పైపులు, వాటికి వేలాడే తెరలు. ఆ అడ్డపైపుకి నాలుగు చట్రాలు తగిలించగానే మధ్యలో కుంగుతుంది, పక్క బూత్ వారి తెర కూడా కదులుతుంది. కాబట్టి మొదటి ఖర్చు సొంత గోడలకి. కార్పెట్ గుడ్డ అంటించిన, ఏడడుగుల ఎత్తు తేలిక ప్యానెళ్లు మూడు వైపులా. రంగు లేత బూడిద. నలుపైతే కసిమి గీతలు గోడలో కలిసిపోతాయి, తెలుపైతే కోరా గుడ్డ మాసినట్టు కనబడుతుంది.

రెండో ఖర్చు లైట్లకి. కరెంటు వాట్ల లెక్కన ఇస్తారు. ఉదాహరణకి 500 వాట్లు తీసుకుంటే పాత 50 వాట్ల హాలోజన్లు పదింటితోనే సరి, ఫోన్ చార్జరు పెట్టినా బ్రేకరు పడిపోవచ్చు. 10 వాట్ల ఎల్‌ఈడీలు పది పెడితే 100 వాట్లే, పైగా వేడి ఉండదు. వెలుతురు రంగు 3000 కెల్విన్ (వెచ్చటి పసుపు ఛాయ) తీసుకోండి. 4000 దాటితే కరక్కాయ పసుపు పాలిపోతుంది. లైటు గోడకి మూడడుగుల దూరంలో, ఏటవాలుగా పడాలి. నెత్తి మీదనుంచి పడితే గుడ్డలోని ప్రతి మడతా నీడ వేస్తుంది.

మంటల నియమం సంగతి మరిచిపోతే సెటప్ రోజున ఇబ్బంది. తెరలు, బల్ల గుడ్డలు, పైకప్పు గుడ్డ అన్నిటికీ ఎన్‌ఎఫ్‌పీఏ 701 అనే మంట నిరోధక పరీక్ష పాసైన కాగితం బూత్‌లో ఉండాలి. కాగితం లేక మంట నిరోధక ద్రవం కొని చల్లేటప్పుడు పొరపాటున అమ్మకపు పనుల మీద పడిందో, అందులోని లవణాలు సహజ రంగుల్ని మార్చేస్తాయి, ఇనుప నలుపు దగ్గర మచ్చ కడుతుంది. పనులన్నీ ఇంకా పెట్టెల్లో ఉండగానే, దూరంగా తీసుకెళ్లి చల్లాలి.

వేలాడదీయడానికి: వెనక పై అంచున మూడంగుళాల గొట్టంలా కుట్టి, అందులో అల్యూమినియం పట్టీ దూర్చండి. పచ్చి కర్ర వద్దు, ఆమ్లం ఊరి గుడ్డ మీద గోధుమ రంగు గీత పడుతుంది. కింద బరువు కోసం సన్నటి పట్టీ చాలు. లావుపాటి కడ్డీ వేస్తే మూడు రోజుల్లో పడుగు సాగి అంచులు లోపలికి తిరుగుతాయి.

లెక్కల_చిట్టా:
డబ్బు విషయాలు.

మ్యూజియంకి వెళ్లేది ప్రధానంగా టిక్కెట్లు, బూత్ అద్దెలు, స్పాన్సర్లు, ప్రారంభానికి ముందు జరిగే విందు ద్వారా. అమ్మకం డబ్బు కళాకారుడిది. కమీషన్ ఏమైనా ఉందా అన్నది ఆ ఏడాది ఒప్పందంలో రాసి ఉంటుంది, సంతకానికి ముందు చదవండి. ఈ కమిటీ 1883 నుంచి ఉంది, షో 1977లో మొదలైంది. మ్యూజియం కూడా 1876 నాటి శతాబ్ది ప్రదర్శన సందర్భంగా పారిశ్రామిక కళల బడితో కలిసి పుట్టింది కనుక చేతిపనులు అక్కడ పరాయివి కావు. (సెటప్ పని త్వరగా అయితే మ్యూజియంలోని మదురై గుడి మండపం చూసి రండి, తెలుగు నాయకుల ఏలుబడి కాలం నాటిది.)

కొనేవారికి పన్ను రాయితీ ఉండదు. పెట్టిన ధరకి వస్తువు దక్కింది కనుక అది దానం కాదు. విందు టిక్కెట్టులో మాత్రం భోజనం వగైరాల విలువ తీసేయగా మిగిలింది దానం. 75 డాలర్లు దాటిన అలాంటి చెల్లింపుకి సంస్థే ఆ విభజన రాసివ్వాలి. ఇక మిమ్మల్ని వేలానికి ఒక పని ఇమ్మంటే ఆనందంగా ఇవ్వండి గానీ, రెండు వేల డాలర్ల రాయితీ వస్తుందని మాత్రం కాదు. తన చేతిపనిని దానం చేసిన కళాకారుడికి లెక్కలోకొచ్చేది గుడ్డ, రంగు లాంటి ముడిసరుకు ఖర్చే. శ్రమకి సున్నా.

సేల్స్ టాక్స్: పెన్సిల్వేనియాది 6 శాతం, ఫిలడెల్ఫియాది 2, మొత్తం 8. గోడ పనులకి ఇది పడుతుంది. ఆ రాష్ట్రంలో స్థిరమైన దుకాణం లేనివారు తాత్కాలిక విక్రేత ధ్రువపత్రం ముందే తీసుకుని బూత్‌లో కనబడేలా పెట్టాలి. పెన్సిల్వేనియా బయటి చిరునామాకి మీరే పంపిస్తే ఆ పన్ను వసూలు చేయక్కర్లేదు, పంపిన రసీదు దాచుకోండి. కొన్నవారు చేత్తో పట్టుకెళితే మాత్రం వారు ఎక్కడివారైనా పన్ను పడుతుంది.

ఎప్పుడైనా స్కార్ఫులు అమ్మితే వాటికి లేబులు కావాలి: నూలు శాతం, చేసినవారి పేరు, దేశం. గుడ్డ ఇండియాది, పని అమెరికాలో అయితే ఉత్త ‘మేడిన్ యూఎస్ఏ’ కుదరదు, దిగుమతి గుడ్డతో చేసిందని కూడా రాయాలి.

ఇంకొకటి, ఎవరి పేరు మీద దరఖాస్తు వెళుతుందో చూసుకోండి. హెచ్-4 (భర్త లేదా భార్య ఉద్యోగ వీసాపై ఆధారపడిన వీసా) మీద ఉండి ఈఏడీ (పని చేసుకునే అనుమతి పత్రం) లేనివారు బూత్ పెట్టి అమ్మడం పని కిందికే వస్తుంది. మ్యూజియం కోసమే కదా అన్న వాదన అక్కడ నిలబడదు.

ఖర్చు అంచనాకి ఈ వృత్తిలో ఓ మోటు లెక్క వాడుకలో ఉంది: అద్దెకి పది రెట్లు అమ్మకం ఉండాలి. అద్దె, హోటలు, వ్యాను, పార్కింగు, కార్డు యంత్రం కోత అన్నీ పోయాక గానీ గుడ్డ ఖర్చు దగ్గరికి రాలేం.

కరక్కాయ_రంగు:
ముగ్గురికీ ధన్యవాదాలు. ఈఏడీ ఉంది, ఆ చిక్కు లేదు. డెకరేటివ్ ఒక్కదానికే పెడతాం. చివరిగా ఒకటి: పెద్ద పనులు ఆరడుగులవి, మడిచి పెట్టెలో తీసుకెళ్లొచ్చా? గేదెపాల వాసన కూడా కొంచెం మిగిలింది.

గోడకొయ్య:
మడవద్దు. కసిమి అంటే ఇనుము, బెల్లం ఊరిన ద్రవం. అది కరక్కాయతో కలిసి కట్టిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. నల్లగీత మీద మడత పడితే చిరుగు మొదలయ్యేది అక్కడే. నాలుగంగుళాల అట్ట గొట్టానికి ఆమ్లం లేని టిష్యూ చుట్టి, బొమ్మ బయటి వైపు ఉండేలా చుట్టండి, పైన మళ్లీ టిష్యూ, ఆపైన ఉతికిన పాత దుప్పటి. ప్లాస్టిక్ కవరు ప్రయాణం వరకే. అందులోనే వదిలేస్తే చెమ్మ పట్టి వాసన ఇంకా పెరుగుతుంది.

వాసన పోవాలంటే ఇప్పుడే మొదలుపెట్టండి. నీడలో, గాలి ఆడేచోట వారం పదిరోజులు వేలాడదీయండి. ఎండలో వేస్తే వాసనతోపాటు పసుపూ పోతుంది. మళ్లీ ఉతకాల్సి వస్తే సబ్బు లేకుండా ఎక్కువ నీళ్లలో, ముందు ఒక చిన్న ముక్క మీద చూసుకుని. అత్తర్లు, స్ప్రేలు మాత్రం చల్లకండి, రెండూ కలిస్తే ఇంకా ఘోరంగా ఉంటుంది.