బ్యాక్టీరియా ఇటుక పైన గట్టి, లోపల ఉత్త ఇసుక, ఏం చేయాలి?
అందరికీ నమస్తే, సివిల్ ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి స్పోరోసార్సినా పాశ్చురీ బ్యాక్టీరియాతో ఇటుకలు చేస్తున్నాం, బట్టీ లేదు సిమెంట్ లేదు. అది యూరియాని విడగొడితే వచ్చే కార్బొనేట్ కాల్షియంతో కలిసి కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) అయ్యి ఇసుక రేణువుల్ని అతికిస్తుంది, అక్కడిదాకా బానే ఉంది. కానీ యూరియా, కాల్షియం క్లోరైడ్ కలిపిన ద్రావణం పైనుంచి పోస్తుంటే పై అంగుళం రాయిలా బిగుసుకుపోయి కిందకి దిగట్లేదు, అచ్చు విప్పితే అడుగంతా పొడిపొడిగా రాలిపోతోంది. కింద నుంచి పంప్‌తో నెమ్మదిగా ఎక్కించాలా, లేక యూరియా, కాల్షియం క్లోరైడ్ పల్చన చేసి ఎక్కువసార్లు పోయాలా? బెంగళూరు ఐఐఎస్సీ, ఇస్రో వాళ్లు స్పేస్ బ్రిక్స్‌లో (చంద్రుడి మట్టిలాంటి దాంతో చేసిన ఇటుకలు) గోరుచిక్కుడు జిగురు కలిపారు కదా, మామూలు ఇసుకలో ఎవరైనా వాడారా? ఇంకోటి, యూరియా విడిపోతే వచ్చే అమ్మోనియా ఘాటుకి కళ్లు మండుతున్నాయి, అది కలిసిన వ్యర్థ నీళ్లు డ్రైనేజీలో వదలడం నాకస్సలు ఇష్టం లేదు, పర్యావరణం కోసమని మొదలెట్టిన పని ఇది. వాటిని ఏం చేయాలో తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.