దివాలా పిటిషన్లు పెరిగితే జనం కష్టాలు పెరిగినట్టేనా?

ప్రశ్న

నమస్కారం. అమెరికాలో వ్యక్తిగత దివాలా పిటిషన్ల లెక్కలు చూసినప్పుడల్లా నాకు ఒక సందేహం మిగిలిపోతోంది. 2005లో 20 లక్షలు దాటిన పిటిషన్లు 2006లో సుమారు 6 లక్షలకు పడిపోయాయి. 2010లో మళ్లీ 15 లక్షలు దాటాయి. ఆ తరువాత తగ్గుముఖం పట్టి 2022 నాటికి సుమారు 3.74 లక్షలకు దిగాయి. అక్కడి నుంచి 2023లో 4.34 లక్షలకు, 2024లో 4.94 లక్షలకు చేరాయి. ఈ పెరుగుదలనే జనం అప్పుల్లో మునిగిపోతున్నారనడానికి రుజువుగా చూపిస్తున్నారు. అదే నిజమైతే, 2006లో ఒక్క ఏడాదిలోనే అంతమంది అప్పులు తీరిపోయాయని అనుకోవాలా? నిరుద్యోగం ఒక దశలో 14 శాతం దాటిన 2020లో పిటిషన్లు పెరగకపోగా ఎందుకు తగ్గాయి?

ఇది అడగడానికి సొంత కారణం కూడా ఉంది. ఉద్యోగం పోయిన నా స్నేహితుడు ఒకరు ఏడాదిగా పదవీ విరమణ పొదుపులోంచి డబ్బు తీసి క్రెడిట్ కార్డులకు కనీస మొత్తం కడుతూ వస్తున్నారు. దివాలా మాట ఎత్తితే, ‘ఐపీ పెట్టాడు’ అనిపించుకోవడం కన్నా ఇదే నయమంటారు. ఆయనకు ఏం చెప్పాలో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

మీ సందేహం సరైనదే. పిటిషన్ల సంఖ్య ఎంతమంది కష్టంలో ఉన్నారో చెప్పదు. కష్టంలో ఉన్నవారిలో ఎంతమంది కోర్టు దాకా రాగలిగారో చెబుతుంది.

2005 ఏప్రిల్‌లో దివాలా చట్టాన్ని సవరించారు. కొత్త నిబంధనలు అక్టోబర్ 17 నుంచి అమలయ్యాయి. ఆదాయ పరీక్ష, పిటిషన్‌కు ముందు తప్పనిసరి రుణ సలహా శిక్షణ, ఎక్కువ కాగితాలు, వాటితోపాటు పెరిగిన వకీలు ఫీజు వస్తాయని తెలిసి, ఆ తేదీ లోపలే పని ముగించుకోవాలని జనం బారులు తీరారు. తరువాతి ఏడాది రావలసినవారిలో చాలామంది ముందే వచ్చేశారు; మిగిలినవారిలో కొందరిని కొత్త ఖర్చు గడప బయటే ఆపేసింది. 2006 నాటి పతనానికి ఈ రెండూ కారణాలే. అప్పులు తీరడం కారణం కాదు.

2020 కథ వేరు. ప్రభుత్వం ఇచ్చిన నగదు, అదనపు నిరుద్యోగ భృతి, ఇంటి రుణాల వాయిదాల సడలింపు, ఫెడరల్ విద్యా రుణాల చెల్లింపు నిలిపివేత చాలా కుటుంబాలను నిలబెట్టాయి. దీనికి తోడు, ఎక్కువగా చెప్పుకోని విషయం ఒకటి ఉంది: కోర్టులు మూతపడటంతో అప్పు ఇచ్చినవారి దావాలు కూడా మందగించాయి. సామాన్యంగా మనిషిని దివాలా కోర్టుకు నడిపించేది అప్పు మొత్తం కాదు, జీతం మీద పడబోయే జప్తు లేదా ఇంటి వేలం నోటీసు. ఆ ఒత్తిడి ఆగినప్పుడు పిటిషన్లు కూడా ఆగాయి. తరువాత సడలింపులు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. 2023లో క్రెడిట్ కార్డు బాకీలు లక్ష కోట్ల డాలర్లు దాటాయి, కార్డుల సగటు వడ్డీ 20 శాతం మించింది, అదే ఏడాది అక్టోబర్‌లో విద్యా రుణాల వాయిదాలు తిరిగి మొదలయ్యాయి. ఇప్పటి పెరుగుదలలో కొత్త కష్టం ఎంతో కొంత ఉన్న మాట నిజమే, కానీ మూడేళ్లుగా వాయిదా పడిన పాత కష్టం కూడా అందులో కలిసి ఉంది.

రెండవ సమాధానం

నేను కొన్నేళ్లు ఒక వకీలు కార్యాలయంలో దివాలా పిటిషన్లు తయారుచేసే పని చేశాను. మాకు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో రద్దీ ఉండేది. ఆ నెలల్లో జనం హఠాత్తుగా పేదవారు కారు కదా. ఆదాయపు పన్ను తిరిగి చేతికి వచ్చేది అప్పుడే. చాలా రకాల అప్పులను రద్దు చేసే దివాలా పద్ధతిని చాప్టర్ 7 అంటారు. దాని కింద కోర్టు రుసుము 338 డాలర్లు. దాని మీద వకీలు ఫీజు దాదాపు ఎప్పుడూ ముందే చెల్లించాలి, ఎందుకంటే పిటిషన్ వేశాక ఆ ఫీజు బాకీ కూడా మిగతా అప్పులతోపాటు రద్దయిపోతుంది. అంటే దివాలా తీయడానికి కూడా చేతిలో కొంత డబ్బుండాలి.

ఒకావిడ సరుకుల సంచీ నిండా విప్పని కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చించి కుప్పలుగా వేశాం. అడుగున కోర్టు సమన్లు దొరికాయి. జవాబివ్వవలసిన గడువు అప్పటికి మూడు వారాల క్రితమే దాటిపోయింది. కొన్ని రోజులకు తీర్పు వచ్చింది, జీతంలోంచి కోత మొదలైంది. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ కోత పన్నుల వంటి తప్పనిసరి మినహాయింపులు పోగా మిగిలిన జీతంలో 25 శాతం దాకా ఉండవచ్చు. వకీలు ఫీజు కూడబెట్టడానికి ఆవిడకు నాలుగు నెలలు పట్టింది. పిటిషన్ వేసిన రోజే కోత ఆపవలసి వచ్చింది, అది వేరే మాట. కానీ ఆ నాలుగు నెలలూ ఆవిడ ఏ లెక్కలోనూ లేరు. పిటిషన్ల సంఖ్య తగ్గిందని ఎవరైనా సంతోషించినప్పుడు నాకు ఆ సంచీయే గుర్తుకొస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడింది. పెద్దగా ఆస్తులు లేని, ఆదాయం తక్కువ ఉన్నవారికి అప్పులు రద్దయ్యేలా అక్కడ ‘డెట్ రిలీఫ్ ఆర్డర్’ అనే ఏర్పాటు ఉంది. దాని రుసుము 90 పౌండ్లను 2024 ఏప్రిల్ 6న రద్దు చేశారు, అదే జూన్‌లో అప్పు పరిమితిని 50,000 పౌండ్లకు పెంచారు. ఆ తరువాతి నెలల్లో దరఖాస్తులు మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. ఆ వసంతంలో జనం ఒక్కసారిగా చితికిపోలేదు, తలుపు తెరుచుకుంది, అంతే.

మూడవ సమాధానం

మీ స్నేహితుడి విషయంలో వెంటనే చెప్పవలసింది ఒకటుంది: పదవీ విరమణ పొదుపును ముట్టుకోవద్దనండి. 401(కె) వంటి ఖాతాలు సాధారణంగా దివాలాలో కూడా అప్పులవారికి చిక్కవు. చట్టం కాపాడే డబ్బును తీసి, చట్టం రద్దు చేయగల అప్పుకు కట్టడం కన్నా పెద్ద నష్టం లేదు. పైగా వయసు రాకముందే తీసినందుకు పన్ను, సాధారణంగా 10 శాతం జరిమానా కూడా పడతాయి.

పరువుకు భయపడి నేను దివాలాకు బదులు, బాకీ తగ్గించమని బ్యాంకులతో బేరమాడే ఒక సెటిల్‌మెంట్ కంపెనీని నమ్ముకున్నాను. కార్డులకు కట్టడం మానేసి ఆ డబ్బు ప్రత్యేక ఖాతాలో వేయమన్నారు, వేశాను. 14 నెలల్లో అయిదు కార్డులలో రెండు మాత్రమే తేలాయి. మూడో బ్యాంకు దావా వేసింది. పిటిషన్ వేస్తే వసూళ్లన్నీ ఆగేలా చట్టమే అడ్డు నిలుస్తుంది. సెటిల్‌మెంట్‌లో అటువంటి రక్షణ లేదు. మాఫీ అయిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను కూడా అడిగారు. దివాలాలో రద్దయిన అప్పుకు ఆ పన్ను ఉండదు. ఫోన్‌లో అమ్మే ఇటువంటి సేవలకు పని తేలకముందే రుసుము తీసుకోకూడదని 2010 నుంచి నిబంధన ఉంది కనుక, ఎవరైనా ముందుగా డబ్బు అడిగితే అక్కడే ఆగిపొమ్మనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివి వినిపించాక ఆయన వకీలును కలవడానికి ఒప్పుకున్నారు. ఒక్క భయం మాత్రం మిగిలింది. అయినవాళ్ల బాకీ ముందు తీర్చాలనుకుని, గత నెలలో తమ్ముడికి 4,000 డాలర్లు తిరిగి ఇచ్చారట. ఇది ఇబ్బందవుతుందా?

రెండవ సమాధానం రాసినవారు

కావచ్చు. పిటిషన్‌కు ముందు ఏడాది లోపల బంధువులకు తీర్చిన అప్పును, దివాలా కేసును పర్యవేక్షించే ట్రస్టీ తమ్ముడి దగ్గర నుంచి వెనక్కి అడగవచ్చు. ఇతరుల విషయంలో ఆ గడువు 90 రోజులు. దాచడం మాత్రం చేయవద్దనండి, ఆ ప్రశ్నకు ఫారంలో ప్రమాణం మీద జవాబివ్వాలి. మొదటి సమావేశంలోనే వకీలుకు తేదీతో సహా చెబితే, పిటిషన్ ఎప్పుడు వేయాలో దానిని బట్టి ఆయన నిర్ణయిస్తారు. వెళ్లేటప్పుడు విప్పని కవర్లుంటే అవి కూడా తీసుకెళ్లమనండి.