కౌద్దాలికులా, గౌద్దాలికులా?

హన్మకొండ: మా పింఛనుదార్ల సంఘం పత్రికకు వ్యాసం రాస్తున్నా. అరవై దాటినవాళ్లలో ఎవరిని పనిలో ఉన్నట్టు, ఎవరిని లేనట్టు సర్వేవాళ్లు రాసుకుంటారన్నది విషయం. కావ్యకన్యను అమ్ముకుని పడుపు కూడు తినడం కన్నా, భార్యాపిల్లల పొట్ట కోసం కవులు నాగలి దున్నినా, అడవిలో దుంపలు తవ్వినా మేలే అనే పోతన పద్యంతో మొదలుపెడదామని ‘హాలికులైన నేమి’ వరకు వచ్చా. తర్వాత కందమూలాలు, ఆపైన ‘ద్దాలికులు’. దాని ముందున్న ఒక్క అక్షరం పొద్దుటి నుంచి సతాయిస్తోంది. కౌ నా, గౌ నా?

పరకాల: గౌ. ‘గహనాంతర సీమల గందమూల గౌద్దాలికులు’. చిన్నప్పటి నుంచి నోట్లో నానింది అదే.

జమ్మికుంట: నోట్లో నానితే సరిపోదు సార్. కుద్దాలం సంస్కృతం, దానితో తవ్వేవాడు కౌద్దాలికుడు. ‘సీమలన్’లో ద్రుతం, అంటే చివరి నకారం, ఉంది కనుక కంద గంద అయింది, ఒప్పుకుంటా. ‘మూల’ తర్వాత ద్రుతం ఎక్కడిది?

పరకాల: మరి మన గుద్దలి మాటేమిటి? పొలంలో ఎవరూ కుద్దాలం తెమ్మనరు. నాగలి పట్టిన కవి చేతిలో ఉన్న మాటే వాడతాడు.

జమ్మికుంట: గుద్దలికి సంస్కృతంలోలా ఆదివృద్ధి చేసి, మొదటి ఉకారాన్ని ఔ చేసి, గౌద్దాలికుడు అంటారా? మీ పొలంలో ఆ మాట విన్నారా?

కాజీపేట: ఛందస్సును అడుగుదామంటే అదీ చేతులెత్తేసింది. ఉత్పలమాల. మూడో పాదంలో ‘హా’కు యతి పదో అక్షరం ‘నాం’లోని అకారంతో కుదిరింది, గహన అంతర కదా. నాలుగో పాదంలో ‘ద్దా’కు ‘దార’తో. ప్రాస రెండో అక్షరానిది. మీ తగాదా అక్షరం పాదం చివర దేనికీ చిక్కకుండా కూర్చుంది. గురువైతే చాలు.

స్టేషన్ ఘన్‌పూర్: అసలిది భాగవతంలోది కాదు, పోతన పేర చెప్పుకునే చాటువు, విడిగా నోటినోటా తిరిగే పద్యం. భాగవతంలోది ‘ఇమ్మనుజేశ్వరాధములకు’. చాటువన్నాక పాఠాంతరాలు తప్పవు. పోతన మావాడనే ఒంటిమిట్ట వాళ్లు రాకముందే చెప్తున్నా, బమ్మెర మాకు పక్కనే, ఏకశిలానగరం ఓరుగల్లే.

కరీంనగర్: పంతుళ్లూ, వ్యాసం సంగతి కూడా చూడండి. నేను సర్వే ఫారాలు నింపినవాణ్ణి. 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే కేంద్రం చేసే శ్రామిక శక్తి సర్వేలో, హాలికుడికి 11 కోడు. ఇంటి తిండికే పండించుకున్నా పనే. కొడుకు పొలంలో జీతం లేకుండా సాయం చేసే ముసలాయనకు 21, అదీ పనే. ఇల్లు చూసుకుంటూ కూరలు, దుంపలు, కట్టెలు ఊరికే ఏరుకొచ్చేవాళ్లకు 93, శ్రామిక శక్తి బయట. పింఛను మీదో కిరాయిల మీదో బతికేవాళ్లకు 94, వైకల్యం వల్ల పని చేయలేనివాళ్లకు 95. బిచ్చం, పడుపు వృత్తి 97లో. అంటే పడుపు కూడు బయటే, కందమూలాలు తవ్వినా దాదాపు బయటే. నాగలి ఒక్కటే లోపల.

నర్సంపేట: భలే! కవి ఒక గట్టున పెట్టినవాటిని సర్కారు విడదీసిందన్నమాట.

హన్మకొండ: మా అత్తమ్మను ఏం పని చేస్తున్నరని అడిగితే ‘నాకేం పని బిడ్డా, ఖాళీగనే ఉన్న’ అంటుంది. అప్పుడు ఆమె ముందు చింతపండు కుప్ప, చేతిలో గింజలు కొట్టే రాయి. ఆమె ఎక్కడ?

కరీంనగర్: చింతపండు ఇంటికా, అమ్మడానికా? అమ్మకానికైతే పని. ఇంటికైతే కాదు. ‘ఖాళీగనే’ అన్న మాట విని కోడు వేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, అది తప్పు. ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి.

జమ్మికుంట: పద్యంలో ‘అప్పడుపు’ అంటే ఆ పడుపు, త్రికసంధి. కావ్యకన్యను కూళలకు, అంటే నీచులకు, ఇచ్చి తినే కూడు. ఎవరైనా ‘అప్పడపు’ అని రాస్తే మళ్లీ మొదటికొస్తాం.

కాజీపేట: పద్యం చివరి ‘నిజదార’ను నిజమైన భార్య అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. నిజ అంటే తన.

నర్సంపేట: భార్యాపిల్లల పొట్ట కోసమే తవ్వాడని కవే చెప్పాక అమ్మకం లేనట్టే. ఆయనకు 93 ఖాయం.

కరీంనగర్: ఏడాదిలో ఓ నెల రోజులు కూలికి పోయాడా? అది అడగనిదే ఖాయం అనకూడదు.