గెలిచాక కూడా ఐదీద్ ఇంకో కూటమి ఎందుకు కట్టాడు? (సోమాలియా, 1992)

ఎంవీపీ_గ్రూప్స్:
అందరికీ నమస్తే. ఏయూ లైబ్రరీలో కూర్చుని సోమాలియా అంతర్యుద్ధం చదువుతున్నాను, ఒకచోట ఆగిపోయాను. 1991 జనవరిలో యునైటెడ్ సోమాలి కాంగ్రెస్ అనే తిరుగుబాటు పార్టీ వాళ్లు రాజధాని మొగడిషు నుంచి సియాద్ బారేని తరిమేశారు, 1969 నుంచి ఏలినవాడు పోయాడు, అక్కడిదాకా బానే ఉంది. మరి ఏడాదిన్నర తిరక్కుండా అదే కాంగ్రెస్ నాయకుడు ఐదీద్ సోమాలి నేషనల్ అలయన్స్ అని ఇంకోటి ఎందుకు పెట్టినట్టు? కోచింగ్ నోట్సులో "తెగల గొడవలు" అని రెండు ముక్కలు రాసి వదిలేశారు, నాకు ఆనడం లేదు.

కంచరపాలెం_చరిత్ర:
ఆనకపోవడమే కరెక్ట్ తమ్ముడూ. ఐదీద్, అతనికి పోటీ వచ్చిన అలీ మహ్దీ ఇద్దరూ హవియే వంశం వాళ్లే, పార్టీ కూడా ఒకటే, కాకపోతే ఐదీద్‌ది హబర్ గిదిర్ శాఖ, అలీ మహ్దీది అబ్గాల్. ఆ పార్టీ 1989లో రోమ్‌లో పుట్టింది. తుపాకులు పట్టినవాళ్లు ఇథియోపియా వైపు నుంచి ఐదీద్ వెంట నడిచారు, వ్యాపారులూ పెద్దమనుషులూ మొగడిషులో ఉండిపోయారు. బారే పారిపోయిన రెండు మూడు రోజులకే ఈ ఊళ్లోవాళ్లు హోటల్ వ్యాపారి అలీ మహ్దీని తాత్కాలిక అధ్యక్షుడని ప్రకటించేశారు. ఐదీద్‌ని అడగలేదు. బారే జైల్లో ఆరేళ్లు మగ్గి, ఆ తర్వాత ఇండియాలో రాయబారిగా పనిచేసి (అవును, మన ఢిల్లీలోనే), చివరికి సైన్యం నడిపించినవాడు ఊరుకుంటాడా?

1991 నవంబరు నుంచి నాలుగు నెలలు ఊరి నడిబొడ్డున ఫిరంగులు పేలాయి. మన వైజాగ్‌లో జగదాంబ దగ్గర గీత గీసి, అటు బీచ్ రోడ్డు ఒకడిది, ఇటు డాబాగార్డెన్స్ ఇంకొకడిది అంటే మనకెలా ఉంటుంది? అక్కడ ఉత్తరం అలీ మహ్దీది, దక్షిణం ఐదీద్‌ది.

ఈలోగా బారే దక్షిణాన బలగం పోగేసుకుని మళ్లీ రాబోయాడు. 1992 ఏప్రిల్‌లో ఐదీద్ అతన్ని కెన్యాలోకి తోసేశాడు. ఆ ఊపులోనే జూన్‌లో అలయన్స్ కట్టాడు. అందులో చేరిన ఇంకో సాయుధ దళం నాయకుడు ఒమర్ జెస్ హవియే కాదు, దారోద్ వంశం వాడు. వేరే వంశం వాడితో పొత్తు, సొంత వంశం వాడితో యుద్ధం! ఇక తెగల గొడవ ఒక్కటే అని ఎలా రాస్తాం?

రేవు_టాలీ:
బాబూ, నేను పోర్టులో ముప్పై ఏళ్లు టాలీ క్లర్కుని. షిప్పు నుంచి దిగే ప్రతి బస్తాకీ ఒక గీత, అయిదోది అడ్డంగా. కలాసీ వీపు మీద చిరిగిన బస్తాలోంచి రెండు గుప్పిళ్లు బియ్యం నేలరాలితే అదీ రాసేవాళ్లం. అక్కడి కరువు గురించి చదివినప్పుడు నాకు ఆ రాలిన గింజలే గుర్తొచ్చాయి. జుబ్బా, షబెల్లె నదుల మధ్య పండే నేల మీద బారే మనుషులూ ఐదీద్ మనుషులూ వంతులేసుకుని అటూ ఇటూ తిరిగారు, ధాన్యం ఎత్తుకుపోయారు. పండించిన రైతులే బైదొవాలో ఆకలికి చచ్చిపోయారు. 1992 నవంబరులో ఆహారం తెచ్చిన షిప్పు మొగడిషు రేవులోకి రాబోతే దాని మీద షెల్స్ వేశారు, వెనక్కి తిరిగిపోయింది. రేవు, రోడ్డు, బస్తా, వీటికి కాపలా ఉన్నవాడిదే రాజ్యం. కాపలా కాయడానికి డబ్బు అడిగినవాళ్లూ దోచినవాళ్లూ చాలాచోట్ల ఒకరే. కూటములు పెరగడానికి ఇదీ కారణమే, మీ నోట్సులో రాసుకోండి.

ఎంవీపీ_గ్రూప్స్:
గురువుగారూ, ఆ బస్తా మాట నేను మర్చిపోలేను. మరి ఉత్తరాన సోమాలి నేషనల్ మూవ్‌మెంట్ కూడా బారే మీద లేచినదే కదా, అక్కడ ఇలా ఎందుకు కాలేదు?

కంచరపాలెం_చరిత్ర:
అక్కడా గొడవలు లేకపోలేదు. కానీ 1988లో బారే విమానాలు ఉత్తరాది నగరం హర్గీసాని నేలమట్టం చేసినప్పటి నుంచీ ఆ సంస్థ తన జనం ఇచ్చే డబ్బు మీదా పెద్దల మాట మీదా నడిచింది. 1991 మేలో సోమాలిలాండ్ అని వేరే దేశంగా ప్రకటించుకున్నారు, 1993లో బోరామాలో పెద్దలు నెలల తరబడి కూర్చుని ఎవరికి ఏ పదవో తేల్చారు. దక్షిణాన అలా కూర్చోబెట్టినవాళ్లు లేరు. ఐదీద్ అలయన్స్ కూడా నిలవలేదు తమ్ముడూ: అతనికి డబ్బు సర్దిన ఉస్మాన్ ఆటోయే ఎదురు తిరిగాడు, ఆ పోరులో తగిలిన గాయాలతోనే 1996 ఆగస్టు 1న ఐదీద్ పోయాడు. కుర్చీలోకి కొడుకు హుస్సేన్ వచ్చాడు, అంతకు ముందు అమెరికా మెరీన్లలో పనిచేసినవాడు.