చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డులకు ఫోటోలు ఎలా తీస్తున్నారు?

సంక్రాంతికి నా క్విల్లింగ్ కార్డులు (సన్నటి కాగితం పట్టీలు చుట్టలు చుట్టి అతికించి చేసేవి) వాట్సాప్‌లో పెట్టి నాలుగు అమ్ముదామనుకుంటే ఫోటోలే పరువు తీస్తున్నాయి. తెల్ల కార్డు బూడిద రంగులో వస్తోంది, ఫ్లాష్ వేస్తే బంగారు రంగు అంచు మెరిసిపోయి మీద రాసిన అక్షరాలే కనిపించవు. నిన్న కిటికీ పక్కన పెట్టి, అవతలి వైపు థర్మోకోల్ షీట్ నిలబెట్టి, ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుతురు) కాస్త పెంచి తీస్తే తెలుపు తెలుపుగానే వచ్చింది గానీ, నీడలన్నీ పోయి కాగితం చుట్టలు ముద్దలా కనిపిస్తున్నాయి (మా అమ్మాయైతే జంతికలా అమ్మా అంది). థర్మోకోల్ తీసేయాలా, ఇంకాస్త దూరం జరపాలా? కార్డు నిలబెట్టి తీయాలా, పడుకోబెట్టా? ఫోన్ మరీ దగ్గరగా పెడితే అంచులు వంకర పోతున్నాయి, దూరం నుంచి 2ఎక్స్ జూమ్‌లో తీస్తే మేలా? కెమెరా కొనమని మాత్రం చెప్పకండి, కార్డు అమ్మేదే 60 రూపాయలకు.