సెంచూరియన్ నౌక చిత్రం: సముద్రంలో ‘రోడ్డు’ ఏమిటి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, విజయనగరం):
మా తొమ్మిదో తరగతి పిల్లలకు మన తీరం చరిత్ర చెప్పాలని వెదుకుతుండగా, ఇంగ్లండులోని గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియం సేకరణలో, 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ఎదుట సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌకకూ ఫ్రెంచి నౌకలకూ జరిగిన యుద్ధం చిత్రం కనిపించింది. థామస్ విట్‌కోంబ్ గీసినదని ఉంది. శీర్షికలో ‘వైజాగపటం రోడ్డు’ అన్న మాట చూసి, సముద్రంలో రోడ్డు ఎక్కడిదని ఒక అమ్మాయి అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. యుద్ధాన్ని కళ్లారా చూసినవారే దీనిని గీశారని పిల్లలకు చెప్పవచ్చునా? పెద్దలు తెలియజేయగలరు.

సమాధానం (పాత ముద్రణలు సేకరించేవాడిని, విజయనగరం):
అలా చెప్పవద్దని నా మనవి, అమ్మా. విట్‌కోంబ్ లండన్‌లో పనిచేసిన చిత్రకారుడు. యుద్ధం జరిగి పదేళ్లు దాటాక, జేమ్స్ జెంకిన్స్ ప్రచురించిన నౌకాయుద్ధ చిత్రాల సంపుటం కోసం ఆయన వేసిన బొమ్మను థామస్ సదర్లాండ్ రాగిరేకు మీదికి ఎక్కించారు. కనుక మీరు చూసినది చేతి చిత్రం కాదు, ఆక్వాటింట్ అనే అచ్చు. రేకు మీద గుగ్గిలం వంటి పొడిని చల్లి, కింద వేడి తగిలించి అంటుకునేలా చేసి ఆమ్లంలో ఉంచితే, రేణువుల సందుల్లో మాత్రమే ఆమ్లం రాగిని తింటుంది. ఎంత ఎక్కువసేపు తింటే ఛాయ అంత ముదురుతుంది, తెల్లగా మిగలవలసిన చోట ముందే వార్నిష్ పూస్తారు. అచ్చయ్యాక అది నీటిరంగు పూతలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా పొరబడతారు. ఫిరంగుల పొగ ఉన్న చోటును బాగా పెద్దది చేసి చూడండి.

సమాధానం (కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా):
రోడ్డు అంటే ఇక్కడ దారి కాదండీ, ఓడలు లంగరు వేసుకొని నిలిచే తెరపి సముద్రం. విశాఖ లోపలి రేవు 1933లో గాని తెరుచుకోలేదు. అంతకుముందు అక్కడైనా, భీమునిపట్నంలోనైనా, మా కళింగపట్నంలోనైనా ఓడ దూరంగానే ఆగేది. మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల మీద సరుకూ మనుషులూ కెరటాలు దాటి ఒడ్డుకు చేరేవారు. మేకులు కొట్టిన పడవ ఆ కెరటాల దెబ్బకు విడిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది.

యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి కూడా ఈ తీరం లోతే ముఖ్యం. ఫ్రెంచి సేనాని లినోయ్ 74 ఫిరంగుల మారెంగో నౌకతోనూ, రెండు ఫ్రిగేట్లతోనూ (అంతకన్నా చిన్న యుద్ధనౌకలు) వచ్చినప్పుడు, 50 ఫిరంగుల సెంచూరియన్ ఒడ్డు వైపు, నీరు తక్కువ ఉన్న చోటికి జరిగింది. పెద్ద ఓడ అంత దగ్గరకు రాలేక దూరం నుంచే కాల్చవలసి వచ్చింది. సెంచూరియన్ దెబ్బతిన్నా నిలిచింది. అది కాపలా కాస్తున్న రెండు వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోగా, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు. విజయనగరం రాజుకూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన పద్మనాభ యుద్ధానికి అప్పటికి పదేళ్లే. ఈ రెండింటినీ మీరు ఒకే పాఠంలో చెబితే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పొగను పెద్దది చేసి చూశాను. కుంచె గీతలు లేవు, ఇసుక చల్లినట్లు సన్నని చుక్కలే ఉన్నాయి. సోమవారం పిల్లలకు ముందు ఆ చుక్కలనే చూపిస్తాను.